అమెరికాలో అమ్మానాన్నల నర్సింగ్ హోమ్ ఖర్చు: మెడికేరా, మెడికెయిడా?

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అది తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్లు రాత్రింబవళ్లు నర్సుల కనుసన్నల్లో ఉండే చోటు. ఆ బిల్లు కట్టే ప్రభుత్వ పథకాలు ముఖ్యంగా రెండు: ప్రధానంగా 65 దాటినవారి ఆరోగ్య బీమా మెడికేర్, ఆదాయం, ఆస్తి తక్కువున్నవారికి సాయం మెడికెయిడ్. రెండూ 1965లోనే పుట్టాయి గానీ, దేని పని దానిదే.

తుంటి ఎముక విరిగి, ఆపరేషనయ్యాక ఫిజియోథెరపీ కావాలంటే మెడికేరే మేలు. మొదటి 20 రోజులు ఉచితం. 21 నుంచి 100వ రోజు దాకా రోజుకు కొంత (2025లో 209.50 డాలర్లు) మనం కట్టుకోవాలి. ఆ తర్వాత పైసా ఇవ్వదు. అంతకుముందు ఆసుపత్రిలో వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి తీరాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వార్డులో మంచం మీదే ఉన్నా, కాగితాల్లో 'అబ్జర్వేషన్' (ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా పరిశీలనలో ఉంచడం) అని రాస్తే ఆ రోజులు లెక్కలోకి రావు. ఏమని రాశారో చేరిన రోజే అడగండి. (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ల నిబంధనలు వేరు.)

మతిమరుపు జబ్బుతో ఏళ్ల తరబడి ఉండాల్సి వస్తే మెడికెయిడ్ తప్ప దారి లేదు. చాలా రాష్ట్రాల్లో ఒంటరి మనిషి చేతిలో 2,000 డాలర్లకు మించి ఆస్తి ఉండకూడదు. అమ్ముకోగల హైదరాబాద్ ఫ్లాటూ ఆస్తే. కొడుకు పేర రాసేస్తే సరిపోదా అంటే, గత ఐదేళ్లలో ఊరికే ఇచ్చినవన్నీ తవ్వుతారు. ఇచ్చిన విలువను ఆ రాష్ట్రంలో నర్సింగ్ హోమ్ సగటు నెల ఖర్చుతో భాగించి, వచ్చినన్ని నెలలు సాయం ఆపుతారు.

గ్రీన్‌కార్డు మీద వచ్చిన, అక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు 65 దాటి, ఐదేళ్లు వరుసగా అక్కడే ఉంటే మెడికేర్‌ను ప్రీమియం కట్టి కొనుక్కోవచ్చు. మెడికెయిడ్‌కూ చాలాచోట్ల ఐదేళ్లు ఆగాలి.

హోమ్‌లలో ఉండేవారిలో పదిమందికి ఆరుగురి ఖర్చు మెడికెయిడే భరిస్తుంది, కానీ ఇచ్చేది తక్కువ రేటు. ఆ లోటును మెడికేర్ రోగులతో పూడ్చుకుంటారు. అందుకే థెరపీకి వచ్చినవారికి మంచం సులువుగా దొరుకుతుంది, మెడికెయిడ్‌వారికి దొరకదు. పల్లె కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఆ రేటు చాలక హోమ్ మూతపడితే నర్సులకు సాయపడే నర్స్ ఎయిడ్ల జీతాలూ పోతాయి.

కాబట్టి మొదటి రోజే రెండు పథకాలకూ గుర్తింపు ఉన్న హోమ్ చూడండి. అప్పుడు డబ్బయిపోయి మెడికెయిడ్‌కు మారినా ఖాళీ చేయించలేరు. చేర్చేటప్పుడు కొడుకునో కూతురినో సొంత పూచీకత్తు అడగడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. ఆ గడిలో సంతకం పెట్టకండి.