జుమ్మేరాత్ బజార్‌లో కొన్న పాత రేకు పడవ: బాగుచేసి కొన్నేళ్లు నడిపాక

వత్తి మంట వేడికి నీళ్ల మీద నడిచే ఈ బొమ్మ పడవ గురించి నేను చెప్పదలుచుకున్నదంతా దాని చప్పుడు గురించే. రంగు, అందం, పాతదనం అన్నీ ఆ తర్వాతే. గొట్టాల్లో నీళ్లు నింపి, వత్తి వెలిగించి, గంగాళంలో వదిలితే కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఒకటి రెండుసార్లు తడబడుతుంది. ఆ పైన గుక్క తిప్పుకోకుండా టపటపటపమని అందుకుంటుంది. మా ఇంట్లో బ్యాటరీతో మోగే బొమ్మలు చాలానే ఉన్నాయి, వాటి చప్పుడంతా చిప్‌లో దాచిపెట్టింది. ఇది ఇంజను నిజంగా పనిచేస్తుంటే వచ్చే చప్పుడు. మంట తగ్గితే నెమ్మదిస్తుంది, గాలి తగిలితే తడబడుతుంది. మా అమ్మాయి పక్క గదిలో కూర్చునే "నాన్నా, వత్తి అయిపోవస్తోంది" అని చెప్పేస్తుంది. ఈ ఒక్క గుణం కోసం తుప్పు పట్టిన రేకు మీద ఎంత ఓపికైనా పెట్టొచ్చని నా నమ్మకం.

తిరునాళ్లలో నీళ్ల తొట్టిలో తిప్పి చూపిస్తూ అమ్మే పడవే కాబట్టి ఎలా ఉంటుందో వర్ణించను. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిన ఏ గుంటూరు జిల్లా పిల్లవాడినడిగినా చెబుతాడు. చప్పుడు ఎక్కడ పుడుతుందో మాత్రం చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు చూసుకోవాల్సింది దాన్నే. పడవ మీది గది కింద చిన్న బాయిలర్ ఉంటుంది. దాని పైకప్పు బాగా పల్చని ఇత్తడి రేకు. వెనక్కి రెండు గొట్టాలు. వేడికి లోపలి కాసిని నీళ్లు ఆవిరై, గొట్టాల్లోని నీళ్లను బయటికి తోస్తాయి, పైకప్పు రేకు ఉబ్బుతుంది. ఆవిరి గొట్టాల దాకా వెళ్లి చల్లబడి మళ్లీ నీరవుతుంది. దాంతో లోపల ఒత్తిడి తగ్గి, బయటి నీళ్లు లోపలికి వస్తాయి, రేకు కుంగుతుంది. ఉబ్బినప్పుడొక టప్పు, కుంగినప్పుడొక టప్పు. బయటికి పోయే నీరు ధారగా వెనక్కే పోతుంది, లోపలికొచ్చేది అన్ని పక్కల నుంచీ వస్తుంది. అందుకే పడవ ముందుకు పోతుంది.

ఇలాంటి పడవకు థామస్ పియో అనే ఫ్రెంచి ఆయన 1891లోనే బ్రిటన్‌లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. పైకప్పుగా పల్చని రేకు పెట్టి ఉబ్బి కుంగే ఇంజనుకు 1915లో దరఖాస్తు చేసింది మాత్రం అమెరికాకు చెందిన చార్లెస్ మెక్‌హ్యూ. బాయిలర్ బదులు ఒకే గొట్టాన్ని చుట్టలు చుట్టి పెట్టిన రకం ఇంకోటుంది. అదీ నడుస్తుంది, చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు కూడా. కానీ దానికి ఈ గొంతు ఉండదు. నాకైతే ఆ రకం అక్కర్లేదు.

హైదరాబాద్‌లో గురువారాలు జరిగే జుమ్మేరాత్ బజార్‌లో, పాత తాళాలు, కుళాయి ముక్కల మధ్య దొరికింది ఇది. ఎర్ర అడుగు, పసుపు గది, కిటికీల్లో అచ్చేసిన ముఖాలు. ఒక కిటికీలో ముఖం సగం గీసుకుపోయి కన్నూ టోపీ మాత్రమే మిగిలాయి. పక్కన "మేడ్ ఇన్ ఇండియా" తప్ప ఏ ఏడాదిదో చెప్పే గుర్తు లేదు. గొట్టంలో ఊదితే గాలి రెండో గొట్టంలోంచి వచ్చింది, పైకప్పు రేకును బొటనవేలితో నొక్కితే టిక్కుమంది. ఆ టిక్కు వినగానే బేరం ఆపి డబ్బులిచ్చేశాను.

తుప్పంతా గీతలు పడిన చోటే ఉంది. ఈ రేకు ఉక్కు, పైన తగరం పూత. గాల్వనైజ్డ్ రేకు మీద జింకు ఉంటుంది కదా, అది తాను తినబడి లోపలి ఉక్కును కాపాడుతుంది. తగరం అలా కాదు. పూత నిండుగా ఉన్నన్నాళ్లే కాపలా, ఒక్క గీత పడిందంటే ఆ చోట ఉక్కు ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. అందుకే గరుకు కాగితం పెట్టి రుద్దడమంత అన్యాయం ఇంకోటి లేదు. ఉన్న పూతా పోతుంది, అచ్చూ పోతుంది. ఇలాంటి బొమ్మలకు రంగు బ్రష్షుతో వేసింది కాదు, చదునుగా ఉన్న రేకు మీద ముందే అచ్చేసి, ఆ తర్వాత కత్తిరించి, మడిచి, అంచుల్లో చెవుల్లా వదిలిన రేకు ముక్కలను కన్నాల్లో దూర్చి వంచుతారు. ఒకసారి పోయిన అచ్చును మళ్లీ వేయలేం. ఆ చెవులు కూడా ఇదివరకే వంగి బలం పోయినవి, విప్పి మళ్లీ వంచితే విరిగిపోతాయి. అందుకే పడవను విప్పకుండానే పనంతా చేశాను. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ, దూది, పాత టూత్ బ్రష్, అంతే.

అడుగు లోపలి తుప్పుకు కరక్కాయ వాడాను. దంచి, నీళ్లలో మరిగించి, ఆ చిక్కటి కషాయాన్ని చిన్న బ్రష్షుతో తుప్పు మీద మాత్రమే రాయాలి. చూస్తుండగానే ఎర్రటి తుప్పు నల్లబడి, ఆరాక సిరాలాంటి నీలినలుపుకు తిరుగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద బెల్లం, ఇనుము ఊరబెట్టిన నీళ్లు తగలగానే నల్లగీత పడేదీ ఈ గుణం వల్లే. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి ఆ నలుపు తయారవుతుంది. కొత్తలో దీన్ని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ని. ఇప్పటికీ మంచిదే అంటాను. కాకపోతే ఆ నలుపు నీటికి అడ్డు కాదు. పైన ఇంకేదైనా పూత లేకపోతే ఒక వర్షాకాలం గడిచేసరికి అంచుల్లో మళ్లీ ఎర్రగా పొటమరిస్తుంది.

ఆ పూతకు తేనెమైనం తీసుకున్నాను. మెత్తని బట్టతో పల్చగా రాసి తుడిస్తే ఎరుపు, పసుపు నిండుగా లేస్తాయి, వేలిముద్రలు పడవు. అడుగుకూ ముక్కు భాగానికీ ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. గది చుట్టూ మాత్రం నిలవదు. మైనం అరవై డిగ్రీలు దాటగానే కరుగుతుంది, బాయిలర్ పక్కన వేడి అంతకంటే చాలా ఎక్కువ. కరిగిన మైనంలో మసి అంటుకుని కిటికీల దగ్గర మబ్బు పట్టినట్టయింది. ఇప్పుడు అక్కడ ఏమీ రాయను, నడిపిన వెంటనే పొడిబట్టతో తుడుస్తాను.

ఇక అసలు సంగతి. మొదటి వర్షాకాలమంతా పడవ చక్కగా పలికింది. తర్వాతి ఏడు ఒకరోజు గంగాళం మధ్యలో ఉండగా గొంతు పోయింది. మంట వెలుగుతూనే ఉంది, పడవ నిలబడిపోయింది. గది కింద నుంచి సన్నగా బుసబుస మాత్రం వస్తోంది. తీసి ఆరబెట్టి, ఒక గొట్టం వేలితో మూసి, బాయిలర్‌ను నీళ్లలో ముంచి రెండో గొట్టంలో ఊదాను. పైకప్పు రేకు అతుకు ఒక మూల వరసగా బుడగలొచ్చాయి. అక్కడ మసి గీకి చూస్తే లోపల లోహం కాదు, జిగురు. రెండు ట్యూబులు కలిపి పూసే రకం. నాకంటే ముందు ఈ పడవ ఎవరి చేతిలో ఉందో గానీ, పగిలిన అతుకును కరిగించిన లోహంతో మాటు వేయించకుండా జిగురు పూసి, పైన మసి పులిమి అమ్మేశారు. చల్లని గిన్నెకైతే జిగురు చాలు. రోజూ కాగి చల్లారే బాయిలర్‌కు అది ఎన్నాళ్లు ఆగుతుంది? కొన్నప్పుడు ఊది చూస్తే తెలియలేదంటే, అంత జాగ్రత్తగా దాచారన్నమాట. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

హైదరాబాద్‌లో అడిగిన చోటల్లా "కొత్తది తీసుకోండి సార్, ఇంత చిన్నదానికి మేం చెయ్యం" అన్నారు. చివరికి తెనాలి వెళ్లినప్పుడు మా వీధికొచ్చే కళాయి వేసే పెద్దాయన చేతికిచ్చాను.

"ఏం బాబాయ్, అతుకుతుందా?"

"అతుకుద్ది గానీ బాబూ, ముందు ఈ జిగురు మొత్తం పోవాల. జిగురు మీద మాటు నిలవదు."

బ్లేడు ముక్కతో జిగురంతా గీకాడు. చింతపండుతో ఆ అంచునే పదే పదే తోమి, ఇత్తడి పచ్చగా బయటపడ్డాక కడిగాడు. నేను ఎదురుచూడనిది ఆ తర్వాత చేశాడు. తడి గుడ్డ పీలికలు తీసి రెండు గొట్టాల మొదళ్లకూ, అతుకు బాగున్న వైపులకూ చుట్టాడు. "నేరుగా మంట మీద పెడితే ఈ మూల అతికేలోపు ఆ మూల ఊడుద్ది" అన్నాడు. నిజమే. మామూలు తగరం, సీసం మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. గుడ్డ తడిగా ఉన్నంతసేపూ దాని కింది లోహం నూరు డిగ్రీలు దాటి పెద్దగా పైకి పోదు. కుంపట్లో కాల్చిన రాగి మొన కడ్డీని, మొనను శుభ్రం చేసే ఉప్పులాంటి నవాసాగరం మీద రుద్దితే తెల్లటి పొగ లేచింది. మొనను అంచుకు ఆనించి మాటు కడ్డీ తాకించగానే వెండి రంగు గీత ఒకటి మూల నుంచి మూలకు పాకింది. దూదితో ఒక్క తుడుపు. చల్లారాక రేకును బొటనవేలితో నొక్కాడు. టిక్కుమంది. ఇంకోసారి నొక్కి, నవ్వి, నా చేతిలో పెట్టాడు.

పడవ మళ్లీ పలికింది. ఆ సాయంత్రం మా పెరట్లో గంగాళం చుట్టూ పిల్లలూ పెద్దలూ ఎవరూ కదల్లేదు. అయితే గొంతు కొద్దిగా మారింది, ఇది చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. మాటు అంచు నుంచి కాస్త లోపలికి పాకింది కాబట్టి రేకులో కదిలే భాగం తగ్గింది, బిగువు పెరిగింది. చప్పుడు ఇదివరకటికంటే సన్నగా, గట్టిగా ఉంది. మొదలవడానికి వేడి కూడా ఎక్కువ కావాలి. పుట్టినరోజు కొవ్వొత్తి ముక్కతో అప్పట్లో సులువుగా లేచేది, ఇప్పుడు కొబ్బరినూనెలో నానిన లావు వత్తి అయితేనే సరిగ్గా అందుకుంటుంది. పైన గుక్క తిప్పుకోదని రాసింది అలాంటి వత్తి పెట్టిన రోజు మాట. పాత గొంతే నాకు ఎక్కువ ఇష్టం. కొత్తది మా అమ్మాయికి ఇష్టం.

ఇంకో ఇబ్బంది నీళ్లది. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లు కఠినం, కుక్కర్ అడుగున తెల్లటి పొర కట్టించే రకం. ఆ పొర ఇందులోనూ కడుతుంది. చప్పుడు మందగించిందంటే ముందు దాన్నే అనుమానించాలి. ఇంకు ఫిల్లర్‌తో నిమ్మరసం కలిపిన నీళ్లు ఒక గొట్టంలో ఎక్కించి, రెండో గొట్టంలోంచి బయటికొచ్చాక కాసేపు ఉంచి, ఊదేసి, మంచినీళ్లతో రెండుమూడు సార్లు కడిగితే తేరుకుంటుంది. డాబా మీద పట్టిన వాన నీళ్లలో నడిపితే ఈ గొడవే తక్కువ. నడిపినంతసేపూ లోపల నీళ్లుండాలి, ఎండిన బాయిలర్ కింద మంట పెడితే మాటు కరిగిపోతుంది.

కొనమంటానా అంటే, మీ పరిస్థితిని బట్టి. నాకు వెడల్పాటి గంగాళం ఉంది, గాలి రాని వరండా ఉంది, ఊళ్లో కళాయి వేసే మనిషి ఉన్నాడు. ఆ మూడో సౌకర్యం లేకపోతే ఈ పడవ ఇప్పటికి అలమరలో మూగగా ఉండేది. అద్దాల బీరువాలో పెట్టుకునే ఉద్దేశమైతే నా సమీక్ష మీకు పనికిరాదు, అలా పెట్టుకునేవాళ్లకు అచ్చు చెడని ముక్కే కావాలి, నాది అలాంటిది కాదు. ఇంట్లో ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మాత్రం ఆగండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, మాటులో ఎలాగూ ఉంటుంది. మా అమ్మాయికి ఆ వయసు దాటింది, అయినా ఆడాక చేతులు సబ్బుతో కడిగిస్తాను, వత్తి వెలిగించేది నేనే.

పాత సామాన్లలో మీకు ఇలాంటిది కనబడితే రంగు చూసి మోసపోకండి. పైకప్పు రేకు టిక్కుమనడం ఒక్కటే చాలదు, నాది కూడా టిక్కుమంది. అమ్మేవాళ్లనడిగి గ్లాసెడు నీళ్లు తెప్పించుకుని అతుకు మీద పోసి, ఒక గొట్టం మూసి గట్టిగా ఊదండి. నాలుగు అంచులూ వేలితో తడిమి, మసి కింద గోరు దిగేంత మెత్తగా ఏదైనా తగిలితే మాటు ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. మాటు వేసే మనిషి దగ్గరలో ఉంటే అప్పుడు కూడా తీసుకోవచ్చు, నేనైతే తీసుకుంటాను.