కప్పల్ని ల్యాబ్‌లో దాచాలా, బయటే కాపాడాలా?

కైట్రిడ్ ఫంగస్ సోకితే కప్ప చర్మం పాడై, ఒంట్లో లవణాలు పడిపోయి గుండె ఆగిపోతుంది, 2019 లెక్కలో దీనివల్ల 501 జాతుల ఉభయచరాలు (కప్పలు, వాటి బంధువులు) సంఖ్యలో తగ్గిపోయాయి, అందులో 90 జాతులు పూర్తిగా పోయినట్టే.

ఖర్చు: ల్యాబ్‌లో పెంచడం అంటే ఏళ్ల తరబడి తిండి, స్టాఫ్. ఆస్ట్రేలియాలో ట్రై చేసినట్టు చిన్న గ్రీన్‌హౌస్ కింద నల్లరంగు వేసిన, బొక్కలున్న ఇటుకలు పెడితే చాలా చవక, కప్పలు వాటంతటవే బొక్కల్లో దూరతాయి, ఎండకి వేడెక్కిన ఆ ఇటుకల్లో ఫంగస్ తట్టుకోలేదు.

రిస్క్: ల్యాబ్‌లో జాతి బతుకుతుంది కానీ బయట ఫంగస్ అలాగే కాచుకుని ఉంటుంది (పనామా బంగారు కప్పకి ఇదే తలనొప్పి). స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో తోకకప్పల్ని తీసి మందిచ్చి, నీటి గుంటల్ని కెమికల్‌తో కడిగితే పనిచేసింది, అడవి వాగులో అది జరిగే పని కాదులెండి.

పదుల్లోనే మిగిలితే ల్యాబే. ఎండ తగిలేచోట గుంపులుగా ఉంటే ఇటుకలే బెటర్.