నిజం ఎవరిది? రానర్ జవాబు, హిక్ జవాబు

ఇన్ని మతాలుండగా నిజం ఎవరి దగ్గరుంది? ఇద్దరు క్రైస్తవ ఆలోచనాపరులు వేర్వేరు దారులు పట్టారు.

జర్మన్ జెసూట్ (కేథలిక్ సన్యాసి సంఘానికి చెందిన గురువు) కార్ల్ రానర్ (1904–1984) లెక్కలో రక్షణ, అంటే పాపవిముక్తి, క్రీస్తు వల్లే. కానీ ఆయన పేరు వినని మంచి మనిషికీ అది అందుతుంది, అతను ‘పేరులేని క్రైస్తవుడు’. ఉదారంగానే ఉంది గానీ, పక్కింటాయన "మీకు తెలీదు, మీరూ మావాళ్లే" అంటే ఎలా ఉంటుంది? జపాన్ తాత్వికుడు నిషితాని ఆ మాటే అడిగారు: మరి మిమ్మల్ని నేను పేరులేని జెన్ బౌద్ధుడు అనుకోవచ్చా? అనుకోండి, నాకది గౌరవమే అన్నారు రానర్. తడబడకుండా ఒప్పుకోవడం నాకు నచ్చింది.

ఇంగ్లండుకు చెందిన జాన్ హిక్ (1922–2012) ఎవరికీ పెద్దపీట వేయలేదు. పరమసత్యం ఒక్కటే, సంస్కృతిని బట్టి అల్లాగా, శివుడిగా, బౌద్ధుల శూన్యతగా తోస్తుందన్నారు. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథే ఇది. చిక్కల్లా, అది ఏనుగని చెప్పడానికి కథకుడికి కళ్లుండాలి కదా! సృష్టికర్తతో పనే లేని థేరవాద బౌద్ధుడికీ, ముస్లింకీ "మీ ఇద్దరిదీ ఒకటే" అంటే ఇద్దరూ మొహం చిట్లిస్తారు.

అయితే హిక్‌ది ఒట్టి పుస్తక జ్ఞానం కాదు. 1967లో బర్మింగ్‌హామ్ చేరాక మసీదులకూ గురుద్వారాలకూ గుళ్లకూ వెళ్లారు. అన్నిచోట్లా మనుషులు చేస్తున్నది ఒకే పనిలా కనిపించింది ఆయనకు.