లోన్ పెట్టి బీఈడీ చేయొచ్చా? మా కాలేజీ గురించి నా మాట

మా జిల్లాలో ఒక ప్రైవేట్ కాలేజీలో బ్యాంకు లోన్ తీసుకుని బీఈడీ చేశాను. చదువు వరకు తృప్తిగానే ఉంది. మ్యాథ్స్ మెథడ్ చెప్పే మేడమ్ ఒక్కరు చాలు, భిన్నాల కూడికలో పిల్లాడు హారాలు కూడా కలిపేస్తుంటే ఎక్కడ తడబడ్డాడో పట్టుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

డబ్బు సంగతే వేరు. కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు) ఫీజే కదా అని చేరితే రికార్డులకు, టీచింగ్ ప్రాక్టీస్‌కు, ప్రాక్టికల్స్‌కు విడివిడిగా వసూలు చేశారు, రసీదు అడిగితే "తర్వాత ఇస్తాంలేమ్మా" అన్నారు, ఇవ్వలేదు.

2015 నుంచి కోర్సు రెండేళ్లు, అంటే ఫీజుతో పాటు రెండేళ్ల సంపాదన కూడా వదులుకున్నట్టే. చదువయ్యాక ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదంటారు గానీ వడ్డీ మాత్రం మొదటినుంచీ పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు ప్రైవేట్ స్కూల్లో నా జీతం 12 వేలు, వేసవిలో అదీ రాదు, ఈఎంఐ మాత్రం ఆగదు.

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష) కొడితే లెక్క మారిపోతుంది, ఆంధ్రాలో 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం స్కూల్ అసిస్టెంట్‌కు, అంటే హైస్కూల్ టీచర్‌కు, మూలవేతనమే 44,570. కానీ 2018 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ జరిగింది 2025లోనే, 16,347 పోస్టులకు. పైగా 2023 సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులకు బీఈడీ చెల్లదు.

ప్రభుత్వ కాలేజీలో సీటొస్తే, లేదా ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ పూర్తిగా వస్తే నిశ్చింతగా చేరండి. మేనేజ్‌మెంట్ సీటుకి మొత్తం లోన్ పెట్టి మాత్రం వద్దు. ఎక్కడ చేరినా రెండేళ్లకీ కలిపి ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి.