పేరులేని పలక దిక్సూచి: డెల్టాలో పనికొస్తుందా?

ఆన్‌లైన్‌లో బ్రాండ్ పేరు కూడా లేకుండా అమ్మే ప్లాస్టిక్ పలక దిక్సూచి ఇది. పలక మీద బాణం గీత, తిరిగే చక్రం, ద్రవంలో తేలే ముల్లు, అంతే. చక్రం మీద 2 డిగ్రీలకో గీత. ఎక్కువమంది వాస్తు కోసమే కొంటారు గానీ, కోరంగి మడ అడవుల పాయల్లో దారికి పనికొస్తుందా అన్నదే అసలు పరీక్ష.

డెల్టాలో అలవాటు గుర్తులు మోసం చేస్తాయి. సముద్రం తూర్పున అనుకుంటే కాకినాడలో సరిపోతుంది, అంతర్వేదిలో అది దక్షిణాన ఉంటుంది. పొద్దు పొడిచే చోటూ అంతే: డిసెంబరు చివర్లో ఇక్కడ సూర్యుడు తూర్పుకి సుమారు 24 డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు, అంటే ఆగ్నేయానికి సగం దారి దాటేసి.

కొనగానే ముల్లు వాలు చూడండి. చలిదేశాల్లో భూమి అయస్కాంత బలం ఉత్తరం చూపే ఎర్ర కొనని గట్టిగా కిందికి లాగుతుంది, అందుకని అక్కడివాటికి దక్షిణం కొనన బరువు పెడతారు. మన దగ్గర ఆ లాగుడు తక్కువ కాబట్టి బరువున్న కొనే కుంగి డబ్బా అడుగుకి రాసుకుంటుంది. ఈ పీసులో ముల్లు కాస్త వాలింది గానీ ఎక్కడా పట్టెయ్యలేదు.

వాడకం తేలికే. పలకని ఛాతీ ఎత్తున మట్టంగా పట్టి, బాణం గీతని చేరాల్సిన చోటికి చూపించి, ఎర్ర ముల్లు చక్రంలోని గడిలోకి వచ్చేదాకా చక్రం తిప్పాలి. గీత దగ్గరున్న అంకే దిశ. తిరిగొచ్చేటప్పుడు 180 కలపండి, మొత్తం 360 దాటితే అందులోంచి 360 తీసెయ్యండి. 5 డిగ్రీల తప్పుకి కిలోమీటరుకి 87 మీటర్లు పక్కకి పోతాం, వేరే పాయలోకి దూరిపోడానికి అది చాలు. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఇక్కడ తేడా డిగ్రీకి అటూ ఇటూ, దానికి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

శ్లాబు మీద పెట్టి చూడకండి, లోపలి ఇనుప చువ్వలు ముల్లుని లాగేస్తాయి. ఇంజిన్ పడవలో అయితే ముక్కు దగ్గరే కూర్చుని చూడాలి. ఫోనుతో ఒకే జేబులో వేస్తే ముల్లు ధ్రువాలు తారుమారయ్యే ప్రమాదమూ ఉంది. అనుమానమొస్తే రాత్రి ధ్రువ నక్షత్రంతో పోల్చండి, ఇక్కడ ఆకాశంలో దాదాపు 16-17 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, కొబ్బరిచెట్లు అడ్డురాని చోటు చూసుకోవాలి.

చక్రం మాత్రం వదులు, జేబులో దానంతటదే తిరుగుతుంది, అందుకే అంకెని కాగితం మీద రాసుకోవాలి. డబ్బాలో చిన్న బుడగ పర్లేదు. రోజురోజుకీ పెరుగుతుంటే ద్రవం కారుతున్నట్టే, గడువులోపే వాపసు పంపెయ్యండి.