మ్యాట్‌ప్లాట్‌లిబ్, సీబోర్న్, ప్లాట్లీ, ఆల్టేర్: చార్టులకు ఏది మేలు?

పై నాలుగూ పైథాన్‌లో చార్టులు గీసే లైబ్రరీలు. పైథాన్‌లో చార్టులు గీయడం మొదలుపెట్టినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: "మ్యాట్‌ప్లాట్‌లిబ్ పాతబడిపోయింది కదా, నేరుగా ప్లాట్లీ నేర్చుకుంటే సరిపోదా?" ఈమధ్య ఒక పెద్ద రిపోర్టుకు చార్టులు చేయాల్సి వచ్చి నేనూ ఇదే ఆలోచనలో పడ్డాను. చివరికి సీబోర్న్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ జోడీనే తీసుకున్నాను.

ఇలాంటి పోలికల్లో సాధారణంగా మొదటి చార్టు ఎన్ని లైన్లలో వస్తుందో చూస్తారు. ఆ లెక్కన ప్లాట్లీ ఎక్స్‌ప్రెస్ (ప్లాట్లీలోనే ఉన్న సులువైన దారి), సీబోర్న్, ఆల్టేర్ దాదాపు సమానం. డేటాఫ్రేమ్ (డేటా ఉన్న టేబుల్) ఇచ్చి, ఎక్స్ ఏ కాలమో, వై ఏ కాలమో, రంగు దేన్నిబట్టి మారాలో చెబితే చాలు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అయితే ప్రతి గ్రూపుకూ లూపు తిప్పి గీత గీయాలి. కానీ మొదటి చార్టుకు పట్టే టైమ్ ఎంతని? అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే పెట్టె) గీతల మీద పడింది, జరపాలి. తేదీలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. గ్రాఫ్ ఒక్కసారిగా పైకి లేచిన చోట "ఇక్కడ సెన్సర్ మార్చారు" అని రాసి బాణం వేయాలి. నాలుగు ప్యానెళ్లకూ కలిపి ఒకే కలర్‌బార్ (ఏ రంగు ఏ విలువో చూపే పట్టీ) కావాలి. ఈ చివరి మెరుగుల దగ్గర లైబ్రరీ మన మాట వింటుందా, లేదా? నా దృష్టిలో తేల్చేది ఇదే.

ఇక్కడ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు సాటి లేదు. చార్టులో కనిపించే ప్రతిదీ, గీత, అంకె, టిక్కు (అక్షం మీది చిన్న గుర్తు), ఫ్రేము అంచు, విడివిడి ఆబ్జెక్టే. దాన్ని పట్టుకుని రంగు మార్చొచ్చు, జరపొచ్చు, తీసేయొచ్చు. యానొటేట్ ఫంక్షన్‌లో బాణం మొన డేటా విలువ దగ్గరా, రాత దానికి ఇన్ని పాయింట్ల దూరంలో అనీ వేర్వేరుగా చెప్పొచ్చు. తర్వాత అక్షాల హద్దులు మారినా రాత ఆ బిందువునే అంటిపెట్టుకుని ఉంటుంది. పీడీఎఫ్, ఎస్‌వీజీల్లో సేవ్ చేస్తే గీతలు వెక్టర్‌గానే ఉంటాయి కాబట్టి ఎంత పెద్దది చేసినా మసకబారవు.

మరి చాలామందికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ మీద కోపం ఎందుకు? 2003లో జాన్ హంటర్ దీన్ని మ్యాట్‌ల్యాబ్ (లెక్కలకూ చార్టులకూ వాడే సాఫ్ట్‌వేర్) అలవాటున్నవాళ్లకు సులువుగా ఉండేలా మొదలుపెట్టాడు. అందుకే ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి, పైప్లాట్ (మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని ఒక భాగం) ఫంక్షన్లను నేరుగా పిలిచి "ప్రస్తుతం తెరిచి ఉన్న చార్టు" మీద గీయడం. రెండోది, సబ్‌ప్లాట్స్ ఫంక్షన్‌తో ఫిగర్ (మొత్తం బొమ్మ), యాక్సెస్ (axes, అందులోని ఒక్కో ప్యానెల్) ఆబ్జెక్టులు తీసుకుని వాటి మీదే పని చేయడం. నెట్‌లో దొరికే కోడ్ ముక్కల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. టైటిల్ పెట్టే ఫంక్షన్‌కు ఒక దారిలో ఒక పేరు, ఇంకో దారిలో ఇంకో పేరు. కొత్తవాళ్ల టెన్షన్‌లో చాలా భాగం ఇక్కడిదే. మొదటిరోజు నుంచి రెండో దారినే పట్టుకోండి, లేఅవుట్‌ను కన్‌స్ట్రెయిన్డ్ అని పెట్టండి, ప్యానెళ్లూ లేబుళ్లూ ఒకదాని మీద ఒకటి పడకుండా అదే సర్దుతుంది. సగం గొడవ తగ్గిపోతుంది.

సీబోర్న్‌ను వేరే లైబ్రరీగా చూడాల్సిన పని లేదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మీద కట్టినదే కాబట్టి, పది గ్రూపుల చార్టును సీబోర్న్‌తో ఒక్క లైన్లో గీసి, అదే యాక్సెస్ మీద బాణాలూ రాతలూ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: రెల్‌ప్లాట్, క్యాట్‌ప్లాట్, డిస్‌ప్లాట్ తమ ఫిగర్‌ను తామే తయారుచేసుకుంటాయి, మీ ప్యానెల్లో ఇమడవు. లైన్‌ప్లాట్, బాక్స్‌ప్లాట్ లాంటివాటికైతే ఏ యాక్సెస్ మీద గీయాలో మనమే చెప్పొచ్చు.

ప్లాట్లీ బలం అందరికీ తెలిసిందే: మౌస్ పెడితే విలువ కనిపిస్తుంది, లాగితే జూమ్ అవుతుంది. వేల బిందువుల్లో తేడాగా ఉన్నది ఏదో వెతకాలంటే నేనూ దాన్నే తెరుస్తాను. కానీ హోవర్ ఉందన్న ధీమాతో రాయాల్సిన లేబుల్ రాయకుండా వదిలేస్తాం. ప్రింట్‌లో, స్లైడ్‌లో, స్క్రీన్‌షాట్‌లో మౌస్ ఉండదు. ఆ చార్టు ఏం చెబుతోందో చూసేవాళ్లకు తెలియదు. పీఎన్‌జీగా సేవ్ చేయడానికి కలైడో అనే ఇంకో ప్యాకేజీ కావాలి, దాని కొత్త వెర్షన్లకు మెషీన్‌లో క్రోమ్ కూడా ఉండాలి. హెచ్‌టీఎంఎల్‌గా ఇస్తే, జావాస్క్రిప్ట్ లైబ్రరీ మొత్తాన్ని లోపలే పెట్టిన ప్రతి ఫైలూ కొన్ని ఎంబీలు తూగుతుంది.

ఆల్టేర్ ఆలోచన నాకు చాలా ఇష్టం. ఏ కాలమ్ పరిమాణం, ఏది కేటగిరీ, ఏది తేదీ అని స్పష్టంగా చెప్పమంటుంది, దాంతో మన ఆలోచన కూడా స్పష్టపడుతుంది. ఒక చార్టులో ఎంచిన భాగాన్ని బట్టి పక్క చార్టు మారేలా చేయడం ఇందులో ఉన్నంత తేలికగా మిగతావాటిలో లేదు. అయితే ఒక్క బిందువు దగ్గర చిన్న రాత పెట్టాలన్నా ఇంకో లేయర్ కట్టాలి. 5000 వరుసలు దాటితే మామూలుగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు: మామూలు సెట్టింగుల్లో చార్టుతో పాటు డేటాఫ్రేమ్‌లోని కాలమ్‌లన్నీ, గీయనివి కూడా, ఆ ఫైల్లోకి వెళ్తాయి. పేర్లో ఫోన్ నంబర్లో ఉన్న టేబుల్‌తో చార్టు చేసి ఎవరికైనా పంపే ముందు, అక్కర్లేని కాలమ్‌లు తప్పకుండా తీసేయండి.

లేబుళ్లు తెలుగులో కావాలంటే మాత్రం బ్రౌజర్‌లో గీసే ప్లాట్లీ, ఆల్టేర్‌లదే పైచేయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ డిఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు, డబ్బాలు వస్తాయి. తెలుగు ఫాంట్ పెట్టినా చాలా వెర్షన్లలో ఒత్తులు విడిపోతాయి. పీజీఎఫ్ బ్యాకెండ్‌తో (గీసే పనిని లాటెక్‌కు అప్పగించే పద్ధతి) జీలాటెక్ (XeLaTeX) ద్వారా పీడీఎఫ్ తీస్తే సరిగ్గా వస్తాయి.

ఇంకో రెండు లైబ్రరీలూ ఉన్నాయి. బోకే, సర్వర్‌తో నడిచే డ్యాష్‌బోర్డులు కట్టేవాళ్లకు. ఆర్ భాషలో జీజీప్లాట్2 అనే చార్టుల ప్యాకేజీ వాడి వచ్చినవాళ్లకు ప్లాట్‌నైన్ వెంటనే చేతికి అలవాటవుతుంది.

ఇప్పుడే మొదలుపెడుతున్నట్టయితే సీబోర్న్‌తో గీయండి, మొదటి వారంలోనే యానొటేట్, లెజెండ్, టిక్ సెట్టింగులు మూడూ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో నేర్చుకోండి. చూసేవాళ్లు తామే డేటాను తరచి చూడాల్సిన పని వచ్చినప్పుడు ప్లాట్లీ ఎక్స్‌ప్రెస్ అందుకోవడానికి పెద్దగా టైమ్ పట్టదు.