పాత డాట్‌నెట్ ఉంచాలా, తీసేయాలా: కాటా గదిలో 16 ఏళ్ళ అనుభవం

చిత్తూరు నుంచి పుత్తూరు వెళ్ళే దారిలో మాకొక కాటా ఉంది. బోర్డు మీద వేబ్రిడ్జి అని రాయించినా ఆ పేరుతో పిలిచేవారు ఇంతవరకు కనబడలేదు. 2009లో మొదలుపెట్టాం. ఆ గదిలో ఇప్పటికి నాలుగు కంప్యూటర్లు మారాయి. వాటిలో నడిచే ప్రోగ్రాము మాత్రం అదే. బరువు అంకెలు చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ద్వారా వచ్చే బరువును పట్టుకుని, లోడు బరువు, ఖాళీ బండి బరువు, నికర బరువు లెక్కగట్టి చీటీ అచ్చు వేయడం దాని పని. తిరుపతిలో అప్పుడే చదువు ముగించిన ఒక కుర్రవాడు రాసిచ్చాడు. ఇప్పుడు అతను బెంగళూరులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఫోను చేస్తే ఎత్తుతాడు, ఆప్యాయంగా మాట్లాడతాడు, ప్రోగ్రామును మార్చాలంటే కావలసిన సోర్సు కోడు మాత్రం ఎక్కడో పోయిందంటాడు.

నేను ఈ సమీక్ష రాస్తున్నది ఆ ప్రోగ్రాముకు ఆధారమైన సరుకు మీద: కొన్ని ప్రోగ్రాములు విండోస్‌లో నడవాలంటే కింద ఉండాల్సిన మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్, అందులోనూ 3.5 వెర్షను. 2007 నవంబరులో విడుదలైన వస్తువు. "కొత్తది 4.8 ఉంది కదా, ఇంకా ఈ పాతదెందుకు, తీసి పారేయండి" అనే సలహా నాకు ఏడాదికి ఒకరైనా ఇస్తారు. ఒక్కసారి ఆ సలహా విన్నాను.

అది 2022 జూన్, తోతాపురి కోతలు మొదలైన రోజులు. సాయంత్రం వాన పట్టుకోవడంతో బండ్లు ఆగిపోయాయి. ఊరికే కూర్చోవడమెందుకని, ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చిన మా మేనల్లుడిని కంప్యూటర్ చూడమన్నాను. అందులో ఉన్నది 120 జీబీ డిస్కు, నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. "మామా, ఇందులో అన్నీ రెండేసి మూడేసి ఉన్నాయి" అని ఒక్కొక్కటే తీస్తూ పోయాడు. ఆ ఊపులోనే విండోస్ ఫీచర్ల జాబితా తెరిచి, డాట్‌నెట్ 3.5 ముందున్న టిక్కు కూడా తీసేశాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాను కాబట్టి తప్పంతా వాడి మీదకు నెట్టలేను.

ఎనిమిది గంటలకు వాన వెలిసింది. ట్రాక్టర్లు వరుస కట్టాయి. గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళే రైతులు చాలామంది ముందు మా దగ్గర తూచుకుని పోతారు. అక్కడ చెప్పే బరువు మీద అనుమానం వస్తే చూపించడానికి మా చీటీ జేబులో ఉండాలి. ప్రోగ్రాము తెరవబోతే, డాట్‌నెట్ 3.5 కావాలి, దింపుకోమంటారా అని ఒక పెట్టె వచ్చింది. దింపుకోమన్నాం. వానకు నెట్టు పోయింది. ఫోను హాట్‌స్పాట్ పెడితే సగం దాకా వచ్చి ఆగింది. మూడేళ్ళ క్రితం విండోస్ వేసుకున్న పెన్‌డ్రైవు సొరుగులో ఉంటే దాన్ని పెట్టాం. 800ఎఫ్081ఎఫ్ అనే ఎర్రర్ వచ్చింది. కావలసిన ఫైళ్ళు దొరకలేదని దాని అర్థం. పెన్‌డ్రైవులో ఉన్నది 2019 నాటి విండోస్ 10, కంప్యూటర్లో ఉన్నది అప్పటికి ఎన్నో అప్‌డేట్లు దాటి వచ్చిన విండోస్ 10. రెండింటికీ పేరు ఒకటే గాని బిల్డు, అంటే లోపలి కూర్పు సంఖ్య, వేరు.

ఇండికేటర్ మీద అంకెలు కనబడుతూనే ఉన్నాయి కాబట్టి చేత్తో చీటీలు రాయడం మొదలుపెట్టాను. "అన్నా, చేతిరాత చీటీ చూపిస్తే వాళ్ళు నవ్వుతారు" అన్నాడు ఇరాల నుంచి వచ్చిన ఒక రైతు. ఆయన మాటలో అబద్ధం లేదు. రాత్రి పదకొండున్నరకు చిత్తూరులో తెలిసిన కంప్యూటర్ షాపు అతను సరైన బిల్డు ఉన్న పెన్‌డ్రైవు బండి మీద తెచ్చిచ్చాడు. అందులో సోర్సెస్ అనే ఫోల్డరు, దాని లోపల ఎస్ఎక్స్ఎస్ అనే ఇంకో ఫోల్డరు ఉంటాయి. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, విండోస్ భాగాలను చేర్చే, తీసే డిఐఎస్ఎం ఆజ్ఞకు నెట్‌ఎఫ్ఎక్స్3 అనే ఫీచరు పేరునూ ఆ ఫోల్డరు దారినీ ఇచ్చి, నెట్టు జోలికి పోవద్దని చెప్పే లిమిట్‌యాక్సెస్ అనే మాటను చివర చేర్చాలి. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. అవసరమైన ఫైలు దాదాపు 70 మెగాబైట్లు, అంతే. దానికోసం మూడున్నర గంటలు రోడ్డు మీద బండ్లు నిలబడ్డాయి.

మరునాడు లెక్క చూసుకుంటే, 3.5 తీసినందువల్ల ఖాళీ అయిన చోటు ఒక గిగాబైటు కూడా లేదు. డిస్కును తిన్నది ఎవరంటే, తూకం వేసిన ప్రతి బండికీ కెమెరా తీసిపెట్టిన ఫోటోలు. ఒక్క ఆ ఫోల్డరే 40 జీబీ దాటి ఉంది.

"4.8 ఉంటే 3.5 ఎందుకు" అనే ప్రశ్న మూర్ఖమైనదేమీ కాదు. ఫోనులో ఏ యాప్ అయినా కొత్తది వేస్తే పాతది పోతుంది, మనకు అలవాటైన పద్ధతి అదే. డాట్‌నెట్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి, గందరగోళం అక్కడే పుడుతుంది. 2.0 అనే ఇంటి మీద 3.0 ఒక అంతస్తు, 3.5 మరో అంతస్తు. పునాది ఒకటే కనుక 3.5 వేసుకుంటే కింది రెండూ దానితోనే వస్తాయి. 2010లో వచ్చిన 4 మాత్రం పక్క స్థలంలో కొత్త పునాదితో లేపిన వేరే ఇల్లు. ఆ తరువాతి 4.5, 4.6, 4.7, 4.8 అన్నీ ఆ కొత్త ఇంటికే చేసిన మరమ్మతులు, ఒకటి వస్తే దాని ముందుది పోతుంది. కాబట్టి 4.6ను ఉంచాలా అనే ప్రశ్నే రాదు, 4.8 వచ్చిన రోజే అది లేదు. 2.0, 3.5ల కోసం రాసిన ప్రోగ్రాము మాత్రం తన పాత ఇంటికే వెళ్తుంది, పక్కింటి తలుపు దానంతట అది తట్టదు.

విండోస్ ఫోల్డరులో మైక్రోసాఫ్ట్.నెట్ అని ఉంటుంది, లోపలికి వెళ్ళి చూస్తే ఇదంతా కనబడుతుంది. 2.0.50727 ఒకటి, 4.0.30319 ఒకటి. రెండోదాన్ని చూసి "ఇది ఇంకా 4.0లోనే ఉంది, పాతబడిపోయింది" అని నేను కూడా ఒకప్పుడు కంగారుపడ్డాను. 4.8 వేసినా ఆ ఫోల్డరు పేరు మారదు. అసలు వెర్షను తెలియాలంటే విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో రిలీజ్ అనే అంకె చూడాలి, అది 528040 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 4.8 ఉన్నట్టే. ఈ ఫోల్డర్లలో చేయి పెట్టి ఏదైనా తీసేవారు ఉంటే వారికి నా నమస్కారం.

పాత ప్రోగ్రామును 4.8 మీద నడిపించే ఉపాయం లేకపోలేదు. ప్రోగ్రాము పక్కన ఉండే కాన్ఫిగ్ ఫైలులో నువ్వు 4 మీద నడవవచ్చు అని ఒక వరుస రాస్తే చాలంటారు. 2023లో సీజను అయ్యాక తీరిగ్గా ఆ ప్రయోగం చేశాను. తెర వచ్చింది, బరువు వచ్చింది, సంతోషించాను. చీటీ అచ్చు నొక్కగానే కూలిపోయింది. అచ్చు పని చేసే క్రిస్టల్ రిపోర్ట్స్ భాగం 2.0.50727 కోసం కట్టినదనీ, 4 మీదకు ఎక్కించాలంటే ఇంకో అమరిక కూడా కావాలనీ సందేశం. ఆ రెండో వరుస కూడా చేర్చాను. కొన్ని చీటీలు సరిగ్గా వచ్చాయి, కొన్నింట్లో అంకెలు అచ్చు కాలేదు. నికర బరువు లేని చీటీ ఇచ్చి రైతుతో మాట పడే ఓపిక నాకు లేదు. వెనక్కి 3.5కే వచ్చేశాను. మీ ప్రోగ్రాము చిన్నదైతే, అచ్చు గొడవ లేకపోతే, ఈ ఉపాయం పనిచేయవచ్చు. ప్రయత్నించే ముందు కాన్ఫిగ్ ఫైలుకు నకలు తీసి పెట్టుకోండి.

పాతది ఉంచితే ప్రమాదం కాదా అని అడిగేవారికి: నేను కూడా భయపడ్డాను. కాని ఇప్పుడున్న విండోస్ 11కు నెలనెలా వచ్చే డాట్‌నెట్ అప్‌డేటు పేరులోనే 3.5, 4.8.1 అని రెండూ కలిపి ఉంటాయి. అంటే తయారుచేసినవారు దాన్ని ఇంకా చూసుకుంటున్నారు. 3.5కు మద్దతు 2029 జనవరి 9 వరకు ఉంది. దిక్కులేనివి వేరే ఉన్నాయి. 1.1 మీద నడిచే ఒక లెక్కల ప్రోగ్రాము మా బంధువుల బెల్లం మండీలో ఉండేది. విండోస్ 8 నుంచి 1.1ను అసలు ఒప్పుకోరు, మద్దతు 2013లోనే అయిపోయింది. వాళ్ళు పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ను నెట్టు కేబులు పీకేసి ఒక మూల ఉంచుకున్నారు. అలాంటిదైతే ఉంచుకోమని నేను చెప్పను. పాత ఖాతాలు చూసుకోవడానికి మాత్రమే అని వాళ్ళంటారు, ఏటా అదే మాట. మా కాటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికొకసారి వచ్చి పరీక్షించి ముద్ర వేస్తుంది. దాని పక్కన కూర్చున్న ప్రోగ్రాముకు ముద్ర వేసేవారు ఎవరూ లేరు, మనమే చూసుకోవాలి.

3.5కు మార్కులు వేయమంటే 5కు 4 వేస్తాను. 16 ఏళ్ళలో దానంతట అది నన్ను ఒక్కసారి కూడా ఆపలేదు. ఎక్స్‌పీలో చేత్తో వేసుకున్నాం, విండోస్ 7లో అదే లోపల ఉంది. విండోస్ 8 నుంచి అడిగితే గాని రాని వస్తువుగా మార్చి, ఆ అడిగినప్పుడు నెట్టు ఉండాలన్నారు చూడండి, ఆ ఒక్క మార్కు దానికి పోయింది.

ఇక పేరులో ఫ్రేమ్‌వర్క్ లేని కొత్త డాట్‌నెట్, అంటే 5, 6, 7, 8 అనే వరుస. వీటి విషయంలో నా అభిప్రాయం వేరు. ఇవి పక్కపక్కన ఎన్నైనా కూర్చుంటాయి, ఒకటి వచ్చినంత మాత్రాన ఇంకొకటి పోదు. మద్దతు మాత్రం త్వరగా అయిపోతుంది: 5కు 2022 మేలో, 7కు 2024 మేలో, 6కు 2024 నవంబరు 12న. కాబట్టి వీటిని ఏరివేయడం మంచిదే. అయితే 6 కోసం కట్టిన ప్రోగ్రాము 8 ఉన్నా మామూలుగా దాని మీద నడవదు. మా కెమెరా ప్రోగ్రాము అలాంటిదే. నేను 6 తీసేశాను, అది వెంటనే 6 కావాలని అలిగింది. మళ్ళీ వేసి, కెమెరా అమ్మినవారి నుంచి కొత్త ప్రోగ్రాము వచ్చాకే తీశాను. అదే 6లో 6.0.5, 6.0.27 అని రెండు కనబడితే చిన్న అంకె ఉన్నదాన్ని నిశ్చింతగా తీయవచ్చు, ప్రోగ్రాములు ఎటూ ఉన్నవాటిలో తాజాదాన్నే పట్టుకుంటాయి. ఏమేమి ఉన్నాయో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో డాట్‌నెట్ అని కొట్టి లిస్ట్-రన్‌టైమ్స్ అడిగితే చెబుతుంది.

కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాముల జాబితాలో అన్నిటికన్నా అసహ్యంగా కనబడేవి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే వరుసలు. ఇవి కూడా వేరే ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఫైళ్ళ ప్యాకేజీలే. నా దగ్గర పది ఉన్నాయి. 2005, 2008, 2010, 2012, 2013 దేనికది వేరు, 2015 నుంచి వచ్చినవి మాత్రం ఒకే ప్యాకేజీలో కలిశాయి. కంప్యూటర్ 64 బిట్ కదా అని ఒకసారి 32 బిట్‌వి తీశాను. ఎంఎస్‌వీసీఆర్100 ఫైలు లేదని ప్రింటరు ప్రోగ్రాము మొరాయించింది. అది 2010 ప్యాకేజీలోది. ఆ ఒక్క ఫైలును ఎక్కడెక్కడి నుంచో దింపుకునేవారు ఉన్నారు, ఆ పని చేయకండి, ప్యాకేజీ మొత్తం మైక్రోసాఫ్ట్ నుంచే తెచ్చుకోండి. ఆ తరువాత ఆ వరుసల వైపు నేను చూడటం మానేశాను.

ఇప్పుడు కాటా గది సొరుగులో ఒక పెన్‌డ్రైవు ఉంది. విండోస్ బిల్డు మారినప్పుడల్లా దానికి సరిపోయే ఎస్ఎక్స్ఎస్ ఫోల్డరు అందులో వేసి, మీద తేదీ రాసి అంటిస్తాను. మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది, ఆ రాత్రి సంగతి ఎత్తితే ఇప్పటికీ తల దించుకుంటాడు.

2025 అక్టోబరులో విండోస్ 10కు మద్దతు ముగుస్తుందని కంప్యూటర్ మార్చినప్పుడు, ప్రోగ్రాము కూడా కొత్తగా రాయిద్దామని తిరుపతిలో ఒకతన్ని కలిశాను. డాట్‌నెట్ 8 మీద చేస్తానన్నాడు. 8కు మద్దతు ఎప్పటిదాకా అని అడిగాను. 2026 నవంబరు వరకు. పోనీ నవంబరులో వచ్చే 10 మీద చేస్తే? 2028 నవంబరు వరకు. నా పాత 3.5కు 2029 జనవరి దాకా ఉంది కదా అన్నాను. అతను కాసేపు ఫోనులో ఏదో వెతికి, అవును నిజమే అన్నాడు. 4.8కు ఇలాంటి తేదీ ఏదీ పెట్టలేదు, అది ఉన్న విండోస్ బతికినంతకాలం అదీ ఉంటుంది, దాని మీదే రాసివ్వగలవా అని అడిగాను.

"అది పాతది కదా సార్" అన్నాడు.